పచ్చికర్ర తలుపు

"మా ఇంటి తలుపు మీద మా ఆయన చెయ్యి పడింది. ఆ చెయ్యి వేయించింది మంత్రగాడు కాదు, మీరు."

నగరంలో కొయ్యపనంతా సాగే దారుశాల మెట్ల కింద నిలబడి ఎర్రక్క ఈ మాట అన్నది. మేదర వీధి నుంచి ఒక్క ఊపున నడిచి వచ్చింది, ఇంకా రొప్పు తగ్గలేదు. వెదురు చీల్చే కత్తి చేతిలో అలాగే ఉంది. ఆ కత్తిని చూసి భటులు ఈటెలు అడ్డం పెట్టారు. ఆమె ఈటెల వంక చూడలేదు. మెట్ల పైన దిండ్ల మీద ఒరిగి తాంబూలం నములుతున్న తలుపుల అధికారి భద్రముఖుడినే చూసింది.

"మా చేతుల్లో ఉలి గుంజుకుంది మీరు. రంపం దాచుకున్నోడి వేళ్ళు నరికింది మీరు. మా తాతలు చేసుకున్న తలుపులు పీకి పొయ్యిలో పెట్టి, రాజుగారి కానుక అని ఈ బొమ్మల తలుపులు బిగించింది మీరు. ఇయ్యాల ఆ తలుపే మనిషిని పట్టుకుపోతా ఉంటే ఆకులు నములుతా కూచున్నారు. మీరు కాకపోతే ఇంకెవురు చెప్తారు దీనికి జవాబు?"

భద్రముఖుడు నిదానంగా పక్కకు ఉమ్మేశాడు. "కీలకర్ణులవారు కోరిన మనిషి వెళ్ళక తప్పదు. ఏమే బుట్టలదానా, నీ మొగుడు అదృష్టవంతుడు. వారి సభామంటపంలో స్తంభమై నిలబడతాడు. ఎండ తగలదు, వాన తగలదు. ఆకలి కూడా వెయ్యదు."

"అంత సుఖమైతే నువ్వే పో. నీ లావుకి మంటపం ఇంకా గట్టిగా ఆగుద్ది."

ఒక భటుడికి నవ్వు ఆగలేదు, దగ్గినట్టు నటించాడు. భద్రముఖుడు వేలు ఎత్తాడు. భటులు ఆమెను ఈటె కర్రలతో వీధిలోకి నెట్టేశారు.

అంబరకోటను దూరం నుంచి చూసినవాడు అడుగు ముందుకు వేయలేడు. మేఘవాటిక రాజ్యానికి అది రాజధాని. నీలికొండ భుజం మీద పగడాల హారం వేసినట్టు ఎర్రరాతి ప్రాకారాలు, వాటి వెనక వెన్నముద్దల్లాంటి సౌధాలు, ఆ సౌధాల శిఖరాల మీద దిగి సేదతీరే మబ్బులు. అన్నిటినీ మించిన వింత ఆ నగరపు తలుపులు. రాజమందిరం మొదలు మేదర గుడిసె దాకా ప్రతి ఇంటికీ నల్లగా నిగనిగలాడే టేకు తలుపు. వాటి మీద చెక్కిన నెమళ్ళు పురి విప్పుతాయి. సింహాలు ఆవులిస్తాయి. కొయ్యలతల మీద మొగ్గలు పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటాయి. పరదేశులు వాటిని చూసి ముచ్చటపడి వెళతారు. పరదేశులకేం, పొద్దు గూకేసరికి వాళ్ళ ఊరికి వాళ్ళు పోతారు. ఆ తలుపుల వెనక బతికేవాళ్ళను అడిగిందెవరు?

కొన్నేళ్ళ కిందట నగరంలో దొంగలు పెరిగారు. వాళ్ళను ఎవరు పంపారని ఎవరూ ఆరా తీయలేదు. సరిగ్గా అప్పుడే కీలకర్ణుడనే మాంత్రికుడు కొయ్యగుర్రం ఎక్కి వచ్చి, దొంగ తాకితే కరిచే తలుపులు ఇంటింటికీ ఊరికే ఇస్తానన్నాడు. రాజు సోమదత్తుడు సంబరపడి ఆజ్ఞాపత్రం మీద రాజముద్ర వేశాడు. ఇక మీదట దారుశాలవాళ్ళు తప్ప రాజ్యంలో ఎవరూ కొయ్యపని ముట్టరాదని కూడా అందులోనే ఉంది. రాజు అంతవరకూ చదవలేదో, చదివే వేశాడో. దొంగలు మాయమయ్యారు. తరువాత మనుషులు మాయం కావడం మొదలైంది. పొద్దున లేచేసరికి తలుపు మీద మసితో అద్దినట్టు ఇంట్లో ఒకరి అరచెయ్యి కనబడుతుంది. నడిమధ్యాహ్నం, నీడ పాదాల కిందికి వచ్చే వేళ, మాంత్రికుడు ఆ ఇంటి ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తాడు. తలుపు తెరుచుకుంటుంది. చెయ్యి పడ్డ మనిషి కట్టెలా బిగుసుకుపోయి నడిచి వెళ్ళిపోతాడు. పారిపోదామంటే కోట తలుపు కూడా ఆ మాంత్రికుడు చేసిందే.

ఈ పొద్దున ఎర్రక్క ఇంటి తలుపు మీద పడిన చేతికి ఉంగరపు వేలు సగమే ఉంది. ఆ వీధిలో అలాంటి చెయ్యి ఆమె భర్త లింగయ్యది ఒక్కటే.

"అక్కా, గాజులు."

దారుశాల మలుపు దాటగానే గాజుల మలారం భుజాన వేసుకున్న గడ్డం మనిషి ఒకడు ఆమెకు అడ్డం వచ్చాడు.

"గాజులేయించుకునే మొహంలాగా ఉందా ఇది?"

"మలారం కింద చెయ్యి పెట్టి చూడక్కా."

ఎర్రక్క చెయ్యి పెట్టింది. గాజుల కింద చల్లగా ఇనుము తగిలింది. ఒక ఉలి, ఒక పొట్టి రంపం, ఒక బాడిస, ఒక గొడ్డలి తల. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని అటూ ఇటూ చూసింది.

"దారుశాలలోనివి. దొంగిలించాను," అన్నాడు గాజులవాడు గొంతు తగ్గించి. "అక్కడి వడ్రంగులు అనుకుంటుంటే విన్నాను. ఇంట్లోవాళ్ళు తమ చేత్తో చేసుకున్న తలుపు మూసి ఉంటే కీలకర్ణుడి పిలుపు లోపలికి దూరదట. పిలుపు దూరకుండా ఆ నడిమధ్యాహ్నం గడిచిపోతే చాలు, మనిషి దక్కినట్టే. వాడికి ఉన్న భయం అదొక్కటే. మీ చేతుల్లో ఉలి లేకుండా చేసింది అందుకే."

"నీకు చెక్కపని వచ్చా?"

"ఉలిని ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా తెలియదు."

"నాకూ రాదు. పద."

దారి పొడుగునా ఆమె కాళ్ళు ఆగలేదు, నోరూ ఆగలేదు. తడిక అయితే చిటికెలో అల్లేస్తానని, అది సరిపోదా అని అడిగింది. తడికలో సందులుంటాయి, సందులో గాలి దూరితే మాట కూడా దూరుతుంది, తలుపే కావాలని గాజులవాడు అన్నాడు. సరే, తలుపే చేద్దామన్నది. వంట చేద్దామన్నంత తేలిగ్గా అన్నది.

ఇంటి ముందు లింగయ్య చేట అల్లుతూ కూర్చుని ఉన్నాడు. అల్లుతున్నాడు అనడం తప్పు. వేళ్ళు వంగడం లేదు. ముట్టుకుంటే కొయ్యలా గట్టిగా ఉన్నాయి.

"వచ్చావా. ఈ అంచు ఒక్కటి కట్టి పోదామనుకున్నానే. వేళ్ళు మాట వినడం లేదు." మెటికలతో అరుగు మీద కొట్టి చూపించాడు. టక్ టక్ మని మోగింది. "ఇంతకీ ఎవురీయన?"

"గాజులాయన మావా. తలుపు చేస్తాడు."

లింగయ్య గడ్డం మనిషిని ఎగాదిగా చూశాడు. "గాజులాయన తలుపు చేస్తాడా. అయితే నేను పోయినట్టే."

ముందు ఉన్న బొమ్మల తలుపును దించాలి. ఎర్రక్క ఇంటి ద్వారబంధం తాతలనాటి రాతిది, దారుశాలవాళ్ళు రెక్కను మాత్రమే మార్చారు. గాజులవాడు తలుపు మొన తిరిగే రాతి కన్నంలోకి గొడ్డలి తల దూర్చి పైకి లేపబోయాడో లేదో, తలుపు మీది సింహం జూలు విదిల్చి గుర్రుమంది. లతల మధ్య దాగిన కొయ్యపాము ఒకటి సర్రున సాగి అతడి మణికట్టును చుట్టేసింది. నెమలి ముక్కుతో కన్ను పొడవబోయింది. అతడు తల వెనక్కి వాల్చాడు గానీ, చెయ్యి విడిపించుకోలేకపోయాడు. పాము బిగుస్తోంది, చెయ్యి నల్లబడుతోంది. ఎర్రక్క కత్తిని అడ్డంగా వేయలేదు. వెదురు గడను చీల్చినట్టు పాము తల నడిమి నుంచి నిలువునా దించి ఒక్క తిప్పు తిప్పింది. పాము రెండు పేళ్ళుగా విడిపోయి కింద పడింది. ఆ అదనులో ఇద్దరూ భుజాలు ఆనించి తోశారు. తలుపు వీధిలో వెల్లకిలా పడింది, పడ్డ చోటే గిలగిల కొట్టుకుంది. తరువాత అంచుల మీద లేచి, దూలగొండి తగిలిన దున్నలా ఎగురుతూ దుముకుతూ దారుశాల వైపు పరిగెత్తింది.

"చెప్పడానికి పోతోంది," అన్నాడు గాజులవాడు మణికట్టు రుద్దుకుంటూ.

"పోనీ. కర్ర ఎక్కడ?"

"దారుశాల వెనక ఎండు టేకు పలకలు పేర్చి ఉన్నాయి. ఒక మోపు ఎత్తుకొస్తాను."

ఎర్రక్క అతడిని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఎండుదా? ఎండుదాంతో ఎవురన్నా పని చేస్తారా? కత్తి ఆనించంగానే పెటిల్లుమంటది. పచ్చిగా ఉన్నప్పుడే వంగుద్ది, పచ్చిగా ఉన్నప్పుడే కట్టుకి ఆగుద్ది."

"అది వెదురు సంగతేమో. తలుపులు ఎండిన కర్రతోనే చేస్తారని..."

"నువ్వు చేశావా ఎప్పుడన్నా?"

"లేదు."

"మరి?"

రాజ్యంలో ఏ వడ్రంగి విన్నా నెత్తి కొట్టుకునేవాడు. పచ్చి కర్ర ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది, నోళ్ళు తెరుస్తుంది. కొయ్యపని మొదలుపెట్టిన పిల్లవాడికి కూడా మొదట నేర్పే సంగతి అది. ఆ సంగతి చెప్పేందుకు మేదర వీధిలో వడ్రంగి లేడు. ఉన్న వడ్రంగులంతా దారుశాలలో మాంత్రికుడి కూడు తింటున్నారు. పుట్టినప్పటి నుంచి తొట్టిలో నానేసిన వెదురుతో బతికిన మనిషికి పచ్చిదే మంచిదని తోచడంలో వింతేముంది? ఇంటి వెనక గంగరావి చెట్లు ఉన్నాయి, నిటారుగా, నిండా ఆకుతో. ఎర్రక్క గొడ్డలికి పిడి తొడిగి మొదటి వేటు వేసింది.

చెట్టు పడింది గానీ వాళ్ళనుకున్న వైపు పడలేదు. కోళ్ళగూడు మీద పడింది. కోళ్ళు లేచిపోయాయి. రంపం మొదటి కోతలోనే తడి కర్రలో ఇరుక్కుపోయింది. గాజులవాడు కాలు తన్నిపెట్టి లాగి, ఊడివచ్చిన రంపంతో సహా వెనక్కి పడ్డాడు. ఉలిని తిరగేసి పట్టుకుని బొటనవేలు గీరుకున్నాడు. లింగయ్య గోడకానుకుని ఇదంతా చూస్తున్నాడు. మోకాళ్ళ దాకా బిగుసుకుపోయినా నోరు ఇంకా బిగుసుకోలేదు.

"అయ్యా, వేలు కోసుకోవడం అయినాక తలుపు కోస్తారా?"

ఎర్రక్క రంపాన్ని అవతల పారేసింది. గంగరావి మొద్దు కొసన కత్తితో గాటు పెట్టి, గాట్లో కొయ్యచీల దిగేసి, గొడ్డలి మడమతో మోదింది. మొద్దు కిరకిరమంటూ నార వెంబడి విడిపోయింది. ఇంకో చీల, ఇంకో మోత. పలకలు వచ్చాయి. ఒకటి లావు, ఒకటి సన్నం, అన్నీ వంకర. ఏం ఫరవాలేదు. పలకలే.

తరువాత కొలత. ద్వారబంధాన్ని గాజులవాడు తన జానతో కొలిచి చెప్పాడు. పలకలను ఎర్రక్క తన జానతో కొలిచి నరికింది. అన్నీ పక్కపక్కన పేర్చి ద్వారానికి ఆనించి చూస్తే, పైన పిల్లి దూరేంత ఖాళీ. ఇద్దరూ తమ చేతుల వంక చూసుకున్నారు.

"నీ చెయ్యి ఇంత పొడుగని చెప్పొద్దా?"

"నువ్వు నరుకుతావని నాకేం తెలుసక్కా?"

లింగయ్య పక్కన నవ్వుతున్నాడు. నవ్వుతుంటే నడుము కదలడం లేదని ఎర్రక్క గమనించింది. మిగిలిన మొద్దును చీల్చి పైన అడ్డంగా ఒక దుంగ పెట్టి ఖాళీ మూసింది. మేకులు లేవు. బాడిసతో పలకల అంచులు చెక్కి, ఉలితో కన్నాలు తొలిచి, నానిన వెదురు బద్దలతో బుట్ట మొదలు కట్టినట్టు పలకకు పలకను బిగించి కట్టింది. సందుల్లో బంకమన్ను మెత్తింది. రాతి కన్నాల్లోకి పేము తీగ దూర్చి ఉచ్చులు వేసి రెక్కను వేలాడదీసింది. గాజులవాడు కింద ఎత్తి పట్టుకున్నాడు. రెక్క వాలింది, నేలను గీరింది, మొండికేసింది. భుజంతో గుద్దితే మూసుకుంది.

ఎదురింటి సాలమ్మ తన బొమ్మల తలుపును ఓరగా తెరిచి ఇదంతా చూస్తోంది. "ఏమే ఎర్రీ, తలుపా అది? పాడె కట్టినట్టు కట్టావు."

"నీ తలుపు మీద చెయ్యి పడిన రోజు నీకూ ఒకటి కట్టిస్తా అత్తా," అన్నది ఎర్రక్క గడపకు పసుపు రాస్తూ.

అంతలోనే వీధి చివర దుమ్ము లేచింది.

కీలకర్ణుడి రాక చూడవలసిందే. ముందు కొయ్యబూరలు వాటంతట అవే మోగుతూ గాల్లో తేలివచ్చాయి. వాటి వెనక ఎర్రచందనం గుర్రాలు, నోటి నుంచి రంపపు పొట్టు నురగలా రాలుస్తూ, కీళ్ళు కిర్రుమంటూ వచ్చాయి. నడుమ నల్లమద్ది పల్లకీ. అందులో ఎండిన బెరడులాంటి చర్మంతో, చెవులకు కుండలాల బదులు ఇనుపమేకులు దిగేసుకుని, గడ్డం ముళ్ళకంపలా నిక్కబొడుచుకుని మాంత్రికుడు. పల్లకీ పక్కన చెమటలు కక్కుతూ భద్రముఖుడు, వెనక భటులు. వీధిలో తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకుని, ఒక్కసారి మూసుకుని, ప్రభువుకు దండం పెట్టాయి.

ఎర్రక్క లింగయ్యను లోపలికి ఈడ్చి, తలుపు మూసి, అడ్డకర్ర వేసింది. ఆ ఇంటికి కిటికీలు లేవు. గాజులవాడు గోడ పట్టుకుని కప్పు మీదికి ఎక్కి బోర్లా పడుకున్నాడు.

"ఇంటివాళ్ళు చేసుకున్న తలుపు." మాంత్రికుడి గొంతు ఎండుటాకులు నలిగినట్టుంది. వెంటనే నవ్వు. "ఆ మాట వడ్రంగుల చెవిలో వేసింది నేనే. నమ్మి నా ఉలి దొంగిలించేది ఎవడో చూద్దామని. ఎవరు చేస్తేనేం? కర్ర ఎవరి చేతిలో నలిగినా నా మాటే వింటుంది."

లోపల ఎర్రక్క అడ్డకర్రను ఇంకాస్త బిగించింది. లింగయ్య ఆమె వంక చూశాడు. చెయ్యి చాచాడు. ఆ కొయ్యచేతిని ఆమె పట్టుకుంది.

"తలుపా, తెరుచుకో," అన్నాడు కీలకర్ణుడు.

పక్కింటి తలుపు తెరుచుకుంది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఎర్రక్క తలుపు కదలలేదు.

మాంత్రికుడు పల్లకీ దిగి వచ్చాడు. మంత్రదండం ఎత్తి రెక్క మీద కొట్టాడు. టక్ మనలేదు. తడి నేల మీద కొట్టినట్టు దబ్బుమంది. దెబ్బ తగిలిన చోట పసుపుపచ్చని జిగురు ఊరి దండానికి అంటుకుంది. వాడు దాన్ని వేలితో తీసి వాసన చూశాడు. వాడి బెరడు ముఖంలో ఏదో చిట్లింది.

"పచ్చిది," అన్నాడు. "ఇది ఇంకా చావలేదు. ఎవడైనా పచ్చి కర్రతో తలుపు చేస్తాడా?"

"నేను చేశా," అన్నది ఎర్రక్క లోపలి నుంచి. "బాగోలేదా?"

చచ్చిన కర్ర మీదే వాడి పెత్తనం. ఊపిరి ఉన్న చెట్టును వాడు ఏమీ చేయలేడు. ఆ రహస్యం దాచుకోవలసిన అవసరం కూడా వాడికి ఇన్నేళ్ళూ రాలేదు. పచ్చి తలుపు చేసే తెలివితక్కువ వడ్రంగి లోకంలో పుట్టలేదు మరి.

కీలకర్ణుడు పిడికిలి విప్పి ఊదాడు. కుమ్మరి ఆవం మూత తీసినట్టు వేడిగాలి లేచింది. వీధిలో కుక్క నాలుక వేలాడేసి పారిపోయింది. గంగరావి పలకలు ఆవిరి కక్కాయి. ఒకటి మూలిగినట్టు కిర్రుమని వంకర తిరిగింది. మెత్తిన మన్ను ఎండి రాలింది. రెండు పలకల మధ్య వెలుగు సన్నని దారంలా లోపలికి వచ్చింది, వెలుగు వెంటనే మాట వచ్చింది.

"లింగయ్యా."

లింగయ్య లేచి నిలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ వాటిలో మనిషి లేడు. కొయ్యకాళ్ళు టకటకలాడిస్తూ తలుపు వైపు నడిచాడు. ఎర్రక్క నడుము పట్టుకుని లాగింది, ఆగలేదు. వదిలేసి మూలకు పరిగెత్తింది. వెదురు నానేసే తొట్టి అక్కడుంది. అందులోని గోనెపట్టా తీసి ఆ సందులో కుక్కింది. తొట్టిని ఎత్తి మొత్తం నీళ్ళు తలుపు మీద గుమ్మరించింది. కర్ర గటగటా తాగింది, ఉబ్బింది. సందు మూసుకుంది. లింగయ్య అడుగు దూరంలో ఆగిపోయాడు.

"గాజులాయనా," అని కప్పు వైపు అరిచింది, "బయట నుంచి నీళ్ళు పొయ్యి. లోపల నీళ్ళు అయిపోయినై."

కప్పు మీది మనిషి పెరట్లోకి దూకి, కుండ ఎత్తుకుని మళ్ళీ పైకెక్కి, చూరు మీది నుంచి తలుపు మీదికి వంచాడు. గాలి విసురుకి అతడి గడ్డం ఊడి ఎగిరిపోయి భద్రముఖుడి తలపాగా మీద వాలింది. భద్రముఖుడు పైకి చూశాడు. చూసి మోకాళ్ళ మీద పడ్డాడు.

"యువరాజా."

భటులు ఈటెలు దించేశారు. సోమదత్తుడి కొడుకు సుకేతనుడు మేదర గుడిసె కప్పు మీద ఖాళీ కుండతో నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా గంగరావి జిగురు, బొటనవేలికి గుడ్డ.

"చూస్తారేం," అన్నాడు భటులతో. "నీళ్ళు తెండి."

ఏ భటుడూ కదలలేదు. కదిలింది సాలమ్మ. తెరుచుకుని ఉన్న తన తలుపులోంచి బిందె చంకన పెట్టుకుని, మాంత్రికుడి ముందు నుంచే వీధి దాటి వచ్చింది. సగం నీళ్ళు దారిలోనే ఒలికాయి. మిగిలిన సగం తలుపు మీద కొట్టింది. ఆమె వెనక ఇంకో బిందె వచ్చింది. ఆ తరువాత కుండలు, చెంబులు, తొట్లు. పొయ్యి మీది ఎసరు కూడా తెచ్చిందొకామె. మాంత్రికుడు ఊదుతున్నాడు, వాళ్ళు పోస్తున్నారు. తలుపు వంగుతోంది, ఉబ్బుతోంది, మూలుగుతోంది. నిలబడే ఉంది.

అప్పుడు భద్రముఖుడి పాదాల పక్కన నీడ సన్నగా కనబడింది. పొద్దు నడినెత్తి దాటింది.

లోపల లింగయ్య చతికిలబడ్డాడు. వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకున్నాడు. ముడుచుకున్నాయి.

"ఏమే, దాహంగా ఉంది," అన్నాడు.

"నీళ్ళన్నీ తలుపు తాగింది మావా," అన్నది ఎర్రక్క. అతడి తల పట్టుకుని ఒకసారి గట్టిగా అదుముకుని, వదిలేసి, అడ్డకర్ర తీసింది.

వీధిలో కీలకర్ణుడు కొయ్యగుర్రం ఎక్కుతున్నాడు. ఓడిపోయినవాడిలా లేడు. "ఎండని కర్ర లోకంలో లేదు," అన్నాడు. "ఈ సాయంత్రానికి నీలికొండ అడవిలో పచ్చి కొమ్మ ఒక్కటి మిగలదు. రేపు మధ్యాహ్నం వచ్చి వీధి వీధంతా పిలుస్తాను. ఏం అడ్డం పెట్టుకుంటారో పెట్టుకోండి." గుర్రాన్ని కొండ వైపు తిప్పాడు. వాడి వెనకే వేడిగాలి పాములా మెలికలు తిరుగుతూ సాగింది. దారి పక్కన గడ్డి పచ్చగా ఉన్నది ఉన్నట్టే తెల్లబడింది.

సుకేతనుడు కప్పు దిగి వచ్చి ఎర్రక్క ముందు నిలబడ్డాడు.

"ఆ ముద్ర వేసింది మీ నాయనే గదా," అన్నది ఆమె.

"అవును. ఆయన మొదటి తలుపు బిగించిన రోజు నేను పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాను."

"తల దించుకోబాకు. దించుకుని నిలబడేంత పొద్దు లేదిప్పుడు."

భద్రముఖుడు లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. "యువరాజా, ఈమె మాట వినకండి. పచ్చి తలుపు నాలుగు రోజులు కూడా నిలవదు. అది తలుపే కాదు."

"నిలవకపోతే ఇంకోటి చేస్తాం," అన్నది ఎర్రక్క. "అదీ ఎండితే ఇంకోటి. చెయ్యడం వచ్చేసింది గదా మాకు. ఇయ్యాల పొద్దున ఎవురికీ రాదు."

ఆమె గొడ్డలి చేతిలోకి తీసుకుని, వంకర తిరిగిన తన తలుపుకు వీపు ఆనించి, వీధికి ఎదురుగా నిలబడింది.

"గొడ్డలి ఉన్నోళ్ళు గొడ్డలి తీయండి. లేనోళ్ళు కత్తులు తీయండి. వాడి గాలి కంటే ముందు మనం అడవికి చేరాల. దొరికిన చెట్టు దొరికినట్టు కొట్టండి, వంకరా టింకరా చూడబాకండి. ఎండకుండా తెచ్చి నీళ్ళలో నానేయండి. యువరాజా, నువ్వు కోటకు పో. మీ నాయన పడుకునే గది తలుపు నీ చేత్తో పీకు. అడిగితే పీకనీడు, అడగబాక. కోట తలుపు దగ్గర మేం వస్తాం నీకు తోడు." భటుల వైపు తిరిగింది. "మీకూ ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళకూ ఇయ్యే తలుపులు. ఈటెలు పారేసి రండి. భద్రముఖా, ఆ దారుశాల తాళాలు ఇటు తే. ఉలి, బాడిస, రంపం, ఎవురి దగ్గర గుంజుకున్నవి వాళ్ళకు పొయ్యేదాకా నువ్వు కదలకూడదు."

భద్రముఖుడు యువరాజు వంక చూశాడు. యువరాజు అప్పటికే కోట వైపు పరిగెడుతున్నాడు.

ఎర్రక్క వీధి దాటి, ఎదురింటి తలుపు కింద గొడ్డలి దూర్చింది. తలుపు మీది కొయ్యసింహం పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. సాలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏంది అత్తా, అట్టా నిలబడ్డావు," అన్నది ఎర్రక్క. "నీ ఇల్లే గదా. ఆ పక్కన పట్టు."